మరిగించని ద్రాక్షారసం

2025 మార్చి 2, ఆదివారం

ఇన్సూరెన్సు ఏజెంటు ఇచ్చిన ఈ డైరీలో రెండు నెలలుగా నా బీపీ అంకెలు తప్ప ఏమీ లేవు. ఈ రోజు మాత్రం రాయాలి. ఆరాధన అయ్యాక పాస్టరు గారు నన్ను ముందుకు పిలిచి శాలువా కప్పారు. గుడ్ ఫ్రైడే ముందు గురువారం రొట్టె, రసం పంచుకునే ప్రభువు బల్లకు ముప్పై ఒక్క ఏళ్ళుగా ద్రాక్షారసం తయారు చేసి ఇస్తున్నందుకు. మిగతా నెలల్లో బల్లకు కిస్‌మిస్ నానబెట్టిన నీళ్ళే. ఆ ఒక్క గురువారం మాత్రం మన తీగ రసం, ఈ డేవిడ్‌రాజు చేతి రసం.

మైకు ఇచ్చారు. రెండు మాటలే చెప్పాను. మేము ఉంటున్న మిషన్ బంగళా వెనక ఆ తీగను మిషనరీ దొరసాని నాటిందని, మా నాన్నమ్మ నీళ్ళు పోసి పెంచిందని, నేను కాయ కోసి, పిసికి, వడకట్టి, ప్రార్థనతో సీసాల్లో నింపుతానని. పదకొండు నిమిషాలు పట్టిందని జ్ఞానసుందరి అంది. ఆ తర్వాత ఇంకేమీ అనలేదు. ఇంటికి వచ్చేదాకా ఆటోలో బయటికే చూస్తూ కూర్చుంది. ఎండకు తలనొప్పి వచ్చినట్టుంది.

నా సంతోషం పాడుచేసినవాడు ఫిన్నీ. మా సంఘ కార్యదర్శి, సివిల్ ఇంజనీరు, భోగాపురం ఎయిర్‌పోర్టు పనిలో ఉన్నాడు. సంఘమంతా కలిసి తినే ప్రేమవిందులు మా బంగళా ఆవరణలోనే జరుగుతాయి, అప్పుడు ఆడవాళ్ళు ఎండలో కూర్చుంటున్నారని బంగళా వెనక హాలు కట్టడానికి ప్లాను గీసి తెచ్చాడు. ఆ ప్లానులో మా తీగ ఉన్నచోట మరుగుదొడ్డి ఉంది. తొంభై ఏళ్ళ తీగ, మొదలు నా తొడంత లావు, దాన్ని నరికి మరుగుదొడ్డి.

"ఏటికేడు కాపు తగ్గిపోతన్నాది అంకుల్. బాటిల్ జ్యూస్ వైజాగ్‌లో ఎన్నైనా దొరుకుతాయి" అన్నాడు, మర్యాదగానే.

పాస్టరు గారు మధ్యేమార్గం చెప్పారు. ఈ ఏడు ఆ తీగ నుంచి బల్లకు సరిపడా, అంటే నాలుగు సీసాల రసం వస్తే తీగ ఉంటుంది, హాలు పక్కకు జరుగుతుంది. రాకపోతే ఈస్టర్ దాటాక కొట్టేస్తారు. ఏప్రిల్ 17 గురువారం బల్ల అవగానే ఓటు.

నాలుగు సీసాలు నాకొక లెక్కా.

మార్చి 5

జ్ఞానసుందరి మూడు రోజులుగా ఉప్మా పెడుతోంది. మాట లేదు. ఈ రోజు నేనే అడిగాను, శనివారం కాయ కోద్దామా అని.

"సాలువ కప్పుకున్నోరు కోసుకుంటారు గదా" అంది. "నాకు స్త్రీల సమాజం పనుంది."

ఈ మాటకు అర్థం ఏమిటో తెలియదు. ఆవిడ సాయం లేకపోతే పని ఆగుతుందనుకుంటోంది కాబోలు. కాలేజీ కెమిస్ట్రీ ల్యాబులో ముప్పై ఏళ్ళు అసిస్టెంటుగా చేసినవాణ్ణి. పిప్పెట్టు పట్టిన చేతికి ద్రాక్షపండు ఒక విషయమా.

మార్చి 8, శనివారం

కోశాను. పక్క చేను నారాయణమూర్తి సాయం వచ్చాడు. మొక్కజొన్న రైతు, నన్ను బావ అంటాడు, నేనూ అతన్ని బావ అంటాను, మా ఇద్దరికీ దేవుళ్ళు వేరైనా చుట్టరికం కలిసిపోయింది. పన్నెండు కిలోలు వచ్చింది. చిన్న కాయ, నల్లగా, లోపల గింజ. గోడ వైపు పందిరి పైన ఇంకేమైనా ఉందేమో చూడలేదు. నిచ్చెన ఎక్కే వయసు కాదు.

పద్ధతి గుర్తు చేసుకున్నాను. కడగడం, పిసకడం, రంగు దిగేదాకా తొక్కతో ఉంచడం, వడకట్టడం, సీసాల్లో పోయడం. ఇన్నేళ్ళూ పడక కుర్చీలోంచి దగ్గరుండి చూసిందే. పెద్ద గిన్నె ఒకటి పొయ్యి మీద ఆవిర్లు కక్కుతూ ఉండేది. అది సీసాలు కడగడానికి వేడినీళ్ళు. నేనూ నీళ్ళు కాచి జాడీ, సీసాలు శుభ్రంగా కడిగాను. పిసికినదంతా తొక్కతో సహా జాడీలో పోసి గుడ్డ కట్టాను.

మధ్యలో జ్ఞానసుందరి గుమ్మం దాకా వచ్చింది. ఖాళీ పొయ్యి చూసింది, నన్ను చూసింది. ఏదో అనబోయి వెళ్ళిపోయింది. బాగా చేస్తున్నానని ఒప్పుకోవడానికి మనసు రాలేదు.

మార్చి 10

జాడీ మాట్లాడుతోంది. గుడ్డ విప్పితే పైన నురగ, లోపల చిన్న చిన్న చప్పుళ్ళు. నారాయణమూర్తిని పిలిచాను. చెవి ఆనించి విన్నాడు.

"పులుస్తన్నాది బావా."

"ద్రాక్షలో సహజంగా గాలి ఉంటుంది" అన్నాను.

"తాటికల్లు తాగి పెరిగిన నోరిది, నాకు సెప్తావేటి. ఇది పులుస్తన్నాది."

రైతుకి ఎరువుల సంగతి తెలుసు. జాడీల సంగతి తెలియదు.

మార్చి 11

రుచి చూశాను. పరీక్ష కోసమే. నాలిక మీద చిన్నగా పొడిచింది.

మార్చి 12

మళ్ళీ చూశాను. ఒక్కసారి చేసిన ప్రయోగం నమ్మకూడదని ల్యాబులో పిల్లలకు ఎన్నిసార్లు చెప్పానో.

మార్చి 13

మూడోసారి. ఫలితం అదే. బాగుంది.

మార్చి 16, ఆదివారం

సాయంత్రం యువజనుల కూటంలో మద్యపానం మీద ప్రసంగించాను. సంఘ మద్యపాన వ్యతిరేక కమిటీకి పదేళ్ళుగా కార్యదర్శిని నేనే కదా. గంటన్నర మాట్లాడాను. మొదటి గుక్కే మోసం చేస్తుందని, అది పామై కరుస్తుందని చెప్పాను. ఇద్దరు ఆవులించారు తప్ప అందరూ శ్రద్ధగానే విన్నారు.

ఇంటికి వచ్చేసరికి వంటిల్లంతా కమ్మటి వాసన. జాడీదే అనుకుంటాను. జ్ఞానసుందరి మొహం చెమటతో ఉంది, స్త్రీల సమాజం వాళ్ళు నలుగురు అప్పుడే వెళ్ళిపోతూ నన్ను చూసి నవ్వారు. ఎందుకు నవ్వారో అడగలేదు. పరీక్ష చేసి పడుకున్నాను.

మార్చి 19

వడకట్టాను. ఏడు సీసాలు నిండాయి. కావలసింది నాలుగే.

తీపి లేదు. కాసేపు ఆలోచించాను. కాలేజీలో సారు ఏటా ఆ సమీకరణం బోర్డు మీద రాస్తుంటే డస్టరు పట్టుకుని పక్కనే నిలబడినవాణ్ణి. ఎడమవైపు గ్లూకోజు, మధ్యలో బాణం, కుడివైపు రెండు పదార్థాలు. ఒకటి బొగ్గుపులుసు వాయువు. రెండోదాని పేరు ఈ డైరీలో రాయను.

మార్చి 23, ఆదివారం

జ్ఞానసుందరి తమ్ముడి కొడుకు స్టాన్లీ వైజాగ్ నుంచి వచ్చాడు. అక్కడ పెద్ద హోటల్లో పని. వచ్చిన అతిథులకు ఏ భోజనానికి ఏ వైన్ బాగుంటుందో చెప్పి పోయడమే వాడి ఉద్యోగం. ఈ సంగతి మా సంఘంలో ఎవరికీ తెలియదు, వాడిది 'హోటల్ మేనేజ్‌మెంటు' అని చెబుతాం.

వాళ్ళ అత్త స్నానానికి వెళ్ళగానే వాణ్ణి పెరట్లోకి తీసుకెళ్ళి గ్లాసులో రెండు వేళ్ళంత పోసి ఇచ్చాను. వాడు వెంటనే తాగలేదు. గ్లాసు వెలుతురుకు ఎత్తి రంగు చూశాడు. తిప్పాడు. ముక్కు లోపలికి పెట్టి కళ్ళు మూసుకున్నాడు. తర్వాత ఒక గుక్క తీసుకుని మింగకుండా నోరంతా తిప్పాడు. నేను ల్యాబు బయట రిజల్టు కోసం నిలబడిన కుర్రాడినైపోయాను.

"ఎవులు సేసినారు మావయ్యా ఇది?"

"నేనే."

"నిజంగా?"

ఆ 'నిజంగా'లో అనుమానం ఉంది గాని పట్టించుకోలేదు. వాడు తీగ దగ్గరికి వెళ్ళి మొదలు చుట్టూ చేతులు పెట్టి కొలిచాడు. ముసలి తీగ కాపు తక్కువట, కాయ చిన్నదట, తొక్క మందమట, వేళ్ళు ఎంతో లోతుకు దిగి ఉంటాయట. అందుకే కొంచెం పండులోనే రుచంతా చేరుతుందట. వేరే దేశాల్లో ముసలి తీగ పండుతో చేశామని సీసా మీద గొప్పగా రాసుకుంటారట. కాపు తగ్గిందని ఫిన్నీ నరుకుతానంటున్నాడు, కాపు తగ్గిందనే వాళ్ళు గొప్ప చెప్పుకుంటున్నారు.

"ఇప్పుడు మీరు పట్టండి. ఏటి తగుల్తాదో సెప్పండి" అన్నాడు.

కళ్ళు మూసుకుని పట్టాను. ముందు నేరేడుపండు. ఆ వెనక తాటిబెల్లం, కొంచెం మాడింది. మింగాక నోరు పట్టేసింది, కరక్కాయ నమిలినట్టు. చివర్లో, చాలాసేపయ్యాక, వాన పడబోయే ముందు మా బంగళా వరండా గచ్చు వాసన. ఇవన్నీ చెప్పాను.

స్టాన్లీ నా వైపు అలా చూశాడు. "మీకు నాలికుంది మావయ్యా."

పెళ్ళయిన ముప్పై ఆరేళ్ళలో అటువైపు చుట్టాలెవరూ నాలో ఏదైనా ఉందని అనడం ఇదే మొదలు.

తర్వాత వాడే పాడుచేశాడు. "గాని ఇది రసం కాదు, వైన్. అత్త సేసినట్టు మరగబెట్టనేదేటి?"

"మరగబెట్టడమా?"

"పిండీసి పావుగంట మరగబెడతాది గదా. నురగ తీసీసి వేడి మీదే సీసాల్లో పోసీసి మూత బిగిస్తాది. అందుకే పులవదు. మా సిన్నప్పటి నుంచీ సూస్తన్నాం."

ఆ గిన్నెలో ఉన్నది సీసాలు కడిగే నీళ్ళు కావట.

మార్చి 24

ఆలోచిస్తే నాది తప్పనిపించడం లేదు. మరగబెడితే నేరేడు వాసన పోతుంది.

మార్చి 27

మొక్కజొన్న చేను గట్టు మీద నారాయణమూర్తికి స్టాన్లీ పద్ధతి నేర్పాను. గ్లాసు తిప్పమంటే సగం పంచె మీద ఒలకబోసుకున్నాడు. వాసన చూసి మొహం చిట్లించాడు.

"కొత్త సెప్పుల వాసనొస్తన్నాది బావా."

నాకు కోపం వచ్చింది. మళ్ళీ చూడమన్నాను.

"మడతపెట్టి దాసిన పొగాకు సుట్ట కూడా ఉన్నాది."

స్టాన్లీకి ఫోన్ చేసి ఫిర్యాదు చేశాను. వాడు అవతల ఎగిరి గంతేసినంత పని చేశాడు. తోలు వాసన, పొగాకు వాసన పట్టుకోవడానికి మనుషులు ఏళ్ళ తరబడి చదువుతారట, అవి ఉంటే గొప్ప వైనట.

నారాయణమూర్తికి అదే చెప్పాను. "సెప్పుల వాసనొస్తే గొప్పంటారేటి, మీ సదువుకున్నోలు" అని, మిగిలింది గటగట తాగేసి చేలోకి దిగిపోయాడు.

ఏప్రిల్ 1

ఆరు సీసాలు. ఎండలు ముదిరాయి, ఆవిరైనట్టుంది.

ఏప్రిల్ 4

ఫిన్నీ టేపు పట్టుకుని తీగ చుట్టూ కొలతలు తీసుకుంటున్నాడు. మొదలు మీద సున్నంతో గీత కూడా పెట్టాడు.

"రసం వస్తాది గదా అంకుల్?"

"ఆరు సీసాలు."

"గుడ్ అంకుల్" అన్నాడు. వాడి మొహంలో నిజంగానే సంతోషం కనిపించింది. వీడు చెడ్డవాడైతే ఎంత బాగుండేది.

వాడు వెళ్ళాక తీగ మొదలు పక్కనే కూర్చున్నాను. మా నాన్నమ్మ పోయాక ఆవిడ చెయ్యి తగిలిన వస్తువు మా వంశంలో ఇదొక్కటే మిగిలింది. మా బల్లకు పులిసింది పనికిరాదు, గురువారం నాడు నేను వైన్ పట్టుకెళ్తే తీగ పోతుంది. ఏమీ పట్టుకెళ్ళకపోయినా పోతుంది.

ఏప్రిల్ 6, ఆదివారం

నెల బల్ల. కిస్‌మిస్ రసం. ఇన్నాళ్ళూ ఎలా మింగానో తెలియదు. నడుమ ఏమీ లేదు, చివరా ఏమీ లేదు, తీపి ఒక్కటే వచ్చి కూర్చుంటుంది.

బయటికి వస్తుంటే రూబీ టీచరు గారు చెయ్యి పట్టుకున్నారు. ఎనభై నాలుగేళ్ళు, నాకు అ ఆలు నేర్పిన మనిషి. "గురువారానికి రసం సిద్ధమేనా డేవిడూ?" అని అడిగి, జవాబు కోసం ఆగకుండా జ్ఞానసుందరి వైపు చూసి తల పంకించారు.

ఏప్రిల్ 9

ఐదు. ఆవిరే.

ఏప్రిల్ 12

ఇన్నాళ్ళకి జ్ఞానసుందరి తానుగా మాట్లాడింది. "మూత బిగించిన సీసాలోంచి ఆవిరెలిపోతాదేటండీ?"

ఆవిడకు సైన్సు తెలియదు.

ఏప్రిల్ 13, మట్టల ఆదివారం

చేతిలో మట్ట ఊపుతూ పాట పాడాను. పాట పొడుగునా ఒకటే ఆలోచన. ఇంకా నాలుగు రోజులు.

ఏప్రిల్ 14

ఉపాయం తట్టింది. ఆ రెండో పదార్థం డెబ్భై ఎనిమిది డిగ్రీల దగ్గర ఆవిరైపోతుంది. మరగబెడితే పోయేది అదే, మిగిలేది రసం. జ్ఞానసుందరి బజారుకు వెళ్ళగానే రెండు సీసాలు గిన్నెలో పోసి పొయ్యి మీద పెట్టాను. మిగతా మూడు సీసాలు ఇది కుదిరాక పెడదామనుకున్నాను.

అరగంటకి రుచి చూశాను. నేరేడు లేదు. బెల్లం లేదు. తోలు, పొగాకు, వరండా గచ్చు ఏదీ లేదు. పుల్లటి గోరువెచ్చని నీళ్ళు, అందులో నానిన గోనెసంచి. చక్కెర వేశాను. తియ్యటి గోనెసంచి అయింది.

పెరట్లో పారబోసి అక్కడే కూలబడ్డాను. కళ్ళనీళ్ళు వచ్చాయి. తీగ కోసం ఏడ్చానని రాయాలనుకున్నాను. నిజం రాస్తాను, ఎవరూ చదవరు కదా. ఆ రెండు సీసాల కోసమే ఏడ్చాను. ఈ జన్మలో నా చేత్తో నేను చేసి, బాగా కుదిరిన వస్తువు అదొక్కటే. ల్యాబులో గాజు గొట్టాలు కడిగాను, ప్రయోగాలు వేరేవాళ్ళు చేశారు. మిగతావన్నీ ఎవరో చేసినవాటి పక్కన నిలబడ్డాను.

మూడు సీసాలు ఉన్నాయి. వాటిని ముట్టను.

ఏప్రిల్ 15

పొద్దున్నే శృంగవరపుకోట మార్కెట్‌కి వెళ్ళి మూడు కిలోల నల్లద్రాక్ష కొన్నాను. మరగబెట్టడం ఇప్పుడు తెలుసు కదా. ఏ తీగదో సీసాకి తెలియదు.

బస్సు దిగేచోట నారాయణమూర్తి కనిపించాడు. సంచిలోకి తొంగిచూసి, విషయం అడిగి తెలుసుకుని, సంచి మూతి ముడేశాడు. తర్వాత అన్నాడు. "బావా, నీ తీగ బతకాలని ఇంకో తీగ పండు తీసుకెల్లి దేవుడి కాడ పెడతావేటి? మా దేవుడి కాడైనా నేనా పని సెయ్యను."

ద్రాక్షపళ్ళు వాళ్ళ మేకలకు వేశాను. మేకలు గింజలు కూడా వదల్లేదు.

ఏప్రిల్ 16, బుధవారం

ఉన్నది ఉన్నట్టు రాయాలి.

మధ్యాహ్నం జ్ఞానసుందరి రేపటి బల్ల మీద పరిచే తెల్లగుడ్డ ఇస్త్రీ చేస్తోంది. ఎదురుగా వెళ్ళి నిలబడ్డాను. నాలుగుసార్లు గొంతు సవరించుకున్నాను.

"నాకు రాదు" అన్నాను.

"ఏటి రాదు?"

"రసం."

ఇస్త్రీపెట్టె పక్కన పెట్టింది. కూర్చోమనలేదు. "ముప్పైయొక్క ఏళ్ళు మీరే సేసినారు గదా. కోసినారు, పిసికినారు, వడకట్టినారు. మైకులో సెప్పినారు. నేనేటి సేసినానో అదొక్కటీ సెప్పనేదు."

"నువ్వు మరగబెట్టావు" అన్నాను.

"అది స్టాన్లీగాడు సెప్పినాడు మీకు. మీరు సూసింది సెప్పండి."

ఏం చెప్పను. పడక కుర్చీ, పేపరు, ఆవిర్లు కక్కే గిన్నె. ఇంతే చూశాను. పళ్ళు ఏ రోజు కోయాలో ఎవరు చెప్పేవారు, నురగ ఎవరు తీసేవారు, వేళ్ళు కాలినా వేడి సీసాల మూతలు ఎవరు బిగించేవారు. కోయడం పిసకడం అయినా చివర ఒక గంట నేను చెయ్యి పెట్టేవాణ్ణి, అంతే. "నేనేమీ చూడలేదు సుందరీ" అన్నాను. "ఆ రోజు నీ పేరు చెప్పాలని నాకు తోచను కూడా తోచలేదు. అదే ఎక్కువ తప్పు."

ఆవిడ ఆ తెల్లగుడ్డ మడతపెట్టింది. తర్వాత లేచి బియ్యం డ్రమ్ము వెనక నుంచి ఒక్కొక్కటీ తీసి బల్ల మీద పెట్టింది. నాలుగు సీసాలు. ఎర్రగా, తేటగా, మూతలు బిగించి.

"మీరు వొగ్గేసిన గుత్తులే. గోడేపు పందిరి మీద సగం కాయుండిపోనాది. మీరు ఆ కుర్రోళ్ళకి తాగుడు మానమని సెప్తన్నప్పుడు, సమాజం వోళ్ళమందరం నిచ్చెనేసి కోసుకొచ్చి సేసినాం. నా కోపం మీ మీద గాని, తీగ మీద కాదు."

వాళ్ళు ఆ రోజు ఎందుకు నవ్వారో తెలిసింది.

"పట్టుకెల్లండి. గాని ఎవులు సేసినారో మీ నోటితోనే సెప్పాల" అంది.

రేపు చెప్పడానికి మూడు వాక్యాలు రాసుకున్నాను. చదివి చూస్తే మూడూ 'నేను'తోనే మొదలవుతున్నాయి. మళ్ళీ రాయాలి.

ఏప్రిల్ 18, గుడ్ ఫ్రైడే

నిన్నటి సంగతి ఈ రోజు రాస్తున్నాను.

బల్ల ఆరాధన బాగా జరిగింది. రసం ఎప్పటిలాగే ఉంది. అలా అనుకోగానే సిగ్గేసింది, ఎందుకంటే ఎప్పటిలాగే ఉండేలా చేయడం ఎంత కష్టమో ఈ నెలన్నరలో తెలిసింది. తర్వాత ఓటు సమావేశం. ఫిన్నీ లేచి మాట ప్రకారం చెప్పాడు. "నాలుగు బాటిల్స్ వచ్చాయి. డేవిడ్ అంకుల్‌కి అందరి తరఫున థాంక్స్."

చప్పట్లు మొదలయ్యాయి. నేను లేచాను. రాసుకున్న కాగితం జేబులో దొరకలేదు.

"ఈ రసం జ్ఞానసుందరి చేసింది. ఇదొక్కటే కాదు, ముప్పై ఒక్క ఏళ్ళూ ఆవిడే చేసింది. శాలువా తప్పు మనిషికి కప్పారు, కప్పుకున్నవాడు నోరు మూసుకుని కప్పుకున్నాడు."

ఆడవాళ్ళ వైపు నుంచి రూబీ టీచరు గారి గొంతు వచ్చింది. "ఈయేపు అందరికీ తెలుసురా డేవిడూ. ఆయేపు మగోళ్ళకే తెల్దు."

నవ్వులు. అప్పుడే కూర్చోవలసింది. కానీ ఒకసారి నిజం మొదలుపెట్టాక ఎక్కడ ఆపాలో నాకు తెలియలేదు.

"ఈ ఏడు నేను చేసింది వేరే ఉంది. మరగబెట్టాలని తెలియక పులిసిపోయింది. దాన్ని వైన్ అంటారు. ఏడు సీసాలు. ఇప్పుడు మూడు ఉన్నాయి."

పాస్టరు గారు కళ్ళజోడు తీశారు. "మిగతా నాలుగు?"

"రెండు మరగబెట్టి పాడుచేశాను."

"ఇంకో రెండు, బ్రదర్?"

"పరీక్షించాను" అన్నాను.

ఎవరో దగ్గారు. మా మద్యపాన వ్యతిరేక కమిటీ సభ్యులు ముగ్గురూ నేల చూపులు చూశారు. ఓటు పెట్టారు. ఆడవాళ్ళ చేతులు ఒక్కసారిగా లేచాయి, ఆ తర్వాత మగవాళ్ళవి, చివరికి ఫిన్నీది కూడా. హాలు ఎనిమిది అడుగులు జరుగుతుంది. తీగ ఉంటుంది.

కమిటీ కార్యదర్శి పదవికి అక్కడే రాజీనామా ఇచ్చాను. సంఘ పెద్దల్లో నేనూ ఒక డీకన్‌ని, దాని నుంచి ఆరు నెలలు సస్పెన్షన్. సంఘం రిజిస్టరులో ఒక కొత్త వాక్యం రాశారు: 'గురువారం బల్ల రసం, బాధ్యులు శ్రీమతి జ్ఞానసుందరి.' పాస్టరు గారు చదువుతుంటే ఆవిడ తల దించుకుని కొంగు సవరించుకుంది. ముప్పై ఆరేళ్ళలో ఆవిడ మొహం అంత ఎర్రబడటం నేను చూడలేదు. నాకు గర్వంగా అనిపించింది. బాధగా కూడా అనిపించింది, ఇది ఎప్పుడో జరగాల్సింది కదా అని.

ఏప్రిల్ 19, శనివారం

ఎక్కడా పదవి లేని మనిషికి పొద్దు గడవదని ఈ రోజే తెలిసింది. సాయంత్రం నాలుగింటికి తీగ కింద కుర్చీ వేసుకుని కూర్చున్నాను. జ్ఞానసుందరి వచ్చి పక్కన స్టూలు వేసుకుంది.

"ఆ మిగిలింది ఏదీ" అంది.

"పారబోయమంటావా?"

"ఊరూ వాడా పరువు తీసుకున్నారు. అదేటో సూడకుండా పారబోస్తానేటి."

లోపలికి వెళ్ళి సీసా, గాజు గ్లాసు తెచ్చి పోశాను. స్టాన్లీ పద్ధతి చెప్పబోయాను, ఆవిడ చెయ్యి ఎత్తి ఆపింది. గ్లాసు తిప్పలేదు, వెలుతురుకు ఎత్తలేదు. ఒకసారి వాసన చూసి, ఒక్క గుక్క తాగింది. పందిరి మీద పిచ్చుకలు గోల చేస్తున్నాయి. నేను ఆవిడ మొహమే చూస్తున్నాను. బీఎస్సీ తప్పినప్పుడు కూడా రిజల్టు కోసం అంత భయపడలేదు.

"తొక్క ఎక్కువ రోజులుంచేసినారు" అంది చివరికి. "అందుకే ఎనకాల నోరు పట్టేస్తన్నాది. మూడు రోజుల ముందే వడకట్టాల."

"సరే" అన్నాను.

"రెండు గుత్తులు పచ్చివి కూడా పడినాయి. సూసి కొయ్యాల."

"సరే."

ఇంకో గుక్క తాగింది. ఈసారి కొంచెం పెద్దది. గ్లాసులో మిగిలినదాన్ని చూస్తూ నెమ్మదిగా అంది. "గాని బాగుంది. నిజంగా బాగుంది. ఇది మాత్రం మీరే సేసినారు."

మళ్ళీ చెప్పమని అడగాలనిపించింది. అడగలేదు. ఆవిడ ఆ మాట పెరట్లో అంది, చుట్టూ ఎవరూ లేరు, విన్నవాణ్ణి నేనొక్కణ్ణే. నాకు అదే సరిపోయింది.